ఖాళీగా వచ్చిన కేరేజీ

"అది మా పాప డబ్బా కదేటి?"

గిరిబాబు గొంతు పెంచలేదు. అయినా వెనక వసారాలో కూర్చున్న ఆయా దాలమ్మ ముద్ద నోటిదాకా వెళ్ళకుండా ఆగిపోయింది.

గులాబీరంగు డబ్బా. మూత మీద ఏనుగు బొమ్మ. లోపల పొద్దున్న అయిదింటికి లేచి గిరిబాబు చేసిన పులిహోర. సగం అయిపోయింది.

పాప జలుబు మందు ఇవ్వడం మరిచిపోయి మధ్యాహ్నం పరిగెత్తుకొచ్చేడు గిరిబాబు. కరెంటాఫీసు గుమస్తాకే షాక్ కొట్టింది.

నరసన్నపేటలో ఓ సందులో ఉంది ఆ డే కేర్. పదకొండుమంది పిల్లలు. పగలంతా కేర్ కేర్‌మంటారు కాబట్టి పేరు సరిగ్గా సరిపోయిందని గిరిబాబే అనేవాడు. అక్కడ తిండి పెట్టరు. ఒక తల్లి గుడ్డు వద్దంటుంది, ఒక తండ్రి ఉల్లి వద్దంటాడు. ఈ గొడవంతా పడలేక, నడిపే జగదీశ్వరి మేడం, పాప చేరిన రోజే తేల్చి చెప్పేసింది.

"కేర్ మాది, కేరేజీ మీది. మీ డబ్బా తప్ప ఇంకో మెతుకు పెట్టం."

భార్య సుహాసిని టెక్కలిలో టీచరు. ఆరున్నర బస్సుకి వెళ్ళిపోతుంది. అందుకని కేరేజీ గిరిబాబు వంతు. వంటలో అతను యూట్యూబుకి ఏకలవ్యుడు. బొటనవేలు కోసి ఇవ్వలేదుగానీ, ఆ వేలితోనే లైకు కొట్టేవాడు.

కూతురు చరితకి మూడున్నరేళ్ళు. ఆదివారం నాన్న వండితే మంచం కిందకి దూరే పిల్ల. కానీ డే కేర్ నుంచి మాత్రం ఆర్నెల్లుగా డబ్బా ఖాళీగా వస్తోంది. అదీ కడిగి మరీ.

"చూడు నా చేతి మహిమ" అని రోజూ సుహాసినికి డబ్బా బోర్లించి చూపించేవాడు.

ఆ మహిమ ఎవరిదో ఇప్పుడు తెలిసింది.

"పిల్ల నోటికాడ కూడు తినీడానికి మనసెలా వచ్చింది దాలమ్మా?"

దాలమ్మ లేచి నిలబడింది. యాభై దాటిన మనిషి. ఎడం చేత్తో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎన్నాళ్ళబట్టి?"

"సేన్నాళ్ళబట్టి బాబూ."

"నువ్వు ఇంటికాడనించి తెచ్చుకోవా?"

"తెచ్చుకుంతాను."

"అది చాలదేటి?"

దాలమ్మ తల వంచుకుంది. "తప్పయిపోనాది బాబూ."

జగదీశ్వరి మేడం వచ్చి అడిగింది. దాలమ్మ అదే మాట.

"ఆయాని పెట్టింది పిల్లల్ని చూడ్డానికి మేడం, స్వాహా చెయ్యడానికి కాదు" అన్నాడు గిరిబాబు.

సాయంత్రానికి దాలమ్మ పని పోయింది.

వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర గిరిబాబుని చూసి ఆగింది. "పాప కారం ఓర్సుకోలేదు బాబూ. కూతంత తగ్గించండి."

తిన్నది చాలక రుచులు కూడా చెప్తోంది అనుకున్నాడు గిరిబాబు.

మర్నాడు డబ్బా నిండుగా వచ్చింది.

ఆ మర్నాడూ అంతే.

కొత్త ఆయా పాటలు పాడింది, కథలు చెప్పింది, చివరికి చేతులెత్తేసింది. చరిత నోరు తెరవదు. పదిహేను రోజులకి బుగ్గలు పీక్కుపోయేయి. ఆడుకోకుండా మధ్యాహ్నమంతా చాప మీద పడుకునే ఉంటోందని మేడం ఫోను చేసింది. డాక్టరు తూచి చూసి, కిలో పైన తగ్గిందన్నాడు.

"ఎందుకు తినట్లేదు తల్లీ?" అనడిగింది సుహాసిని.

"దాలమ్మ పెట్టాలి."

ఆ మాట తప్ప ఇంకో మాట లేదు.

"సగం పాపకి పెట్టి సగం తను తినేదేమోనండీ" అంది సుహాసిని. "వెళ్ళి పిలవండి. పిల్ల కన్నా పంతం ఎక్కువా?"

గిరిబాబు రాత్రంతా ఆలోచించేడు. ఆలోచించినకొద్దీ కోపం కరిగింది. పొద్దుటి నుంచీ పక్కన అలాంటి పులిహోర పెట్టుకుని కూర్చుంటే ఎవరు మాత్రం ఊరుకుంటారు. ఆవిడా మనిషే. ఇకమీదట రెండు డబ్బాలు కడతాను, ఒకటి పాపకి, ఒకటి దాలమ్మకి. దాంతో సరి.

ఆదివారం పెద్ద కేరేజీ నిండా పులిహోర సర్ది, బండి మీద పోలాకి రోడ్డులో దాలమ్మ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళేడు.

ఇంటికి తాళం.

పక్కింటి అరుగు మీద ఒక ముసలామె చేటలో బియ్యం చెరుగుతోంది. తవిటమ్మట.

"దాలమ్మా? మొన్ననే మద్రాసు రైలెక్కీసినాది బాబూ. మనోలు పాతికమంది అక్కడ బిల్డింగు పనిలో ఉన్నారు. ఆళ్ళకి వొండి పెట్టడానికి తీసుకెల్లిపోనారు. మరింక రాదు. తమరెవులు?"

"డే కేర్లో మా పాపని చూసేది..."

తవిటమ్మ చేట ఆపింది. "అయితే పులోర బాబు తమరేనా?"

తన వంట పేరు ఇంత దూరం వచ్చినందుకు గిరిబాబుకి కొంచెం గర్వంగానే అనిపించింది.

"నా గురించి చెప్పేదేటి?"

"రోజూ సెప్పీది."

"ఆవిడకనే తెచ్చేను. నా మీద కోపంగానే వెళ్ళి ఉంటుంది. పోనీ మీరైనా తీసుకోండమ్మా." కేరేజీ చాపేడు.

తవిటమ్మ కేరేజీ కేసి చూసింది. అతని మొహం కేసి చూసింది. చేతులు మాత్రం చాపలేదు.

"కోపమేటి బాబూ, తమరి పాప ఆ పులోర ముట్టుకుంతే గదా, దాలమ్మ తనకని తీసుకెల్లిన పప్పన్నం పాపకి తినిపించీసి, డబ్బా నిండుగా ఎల్తే తెల్లారగట్ల లెగిసి వొండిన తండ్రి మనసు కస్టపడతాదని, బీపీకి ఉప్పూ కారం మానీమని డాక్టరు సెప్పినా ఇనకండా, రోజూ అదంతా తానే తినీసీది."