నిమిషమంతా

"నాడి చూపించడానికి మనిషి కావాలి. బతికున్న మనిషి. దిండుకీ బొమ్మకీ మార్కులు వెయ్యను."

ఫోన్ తెర మీద మేడమ్ ఆ మాట చెప్పి వారమైంది.

పరీక్ష రేపే. నర్సింగ్ అమ్మాయికి ఇంకా మనిషి దొరకలేదు.

కరోనాకి కాలేజీ మూసేశారు. ఇంటికి వెళ్దామంటే బస్సుల్లేవు. మేడ మీద అద్దె గదిలో ఒక్కతే చిక్కుకుపోయింది.

ఇంటి యజమానురాలిని కిటికీలోంచే అడిగింది.

"అత్తయ్యగారూ, ఒక్క నిమిషం మీ చెయ్యి ఇస్తే చాలు."

"నీకు పుణ్యముంటుంది, ఆ జబ్బేదో నాకు అంటించకు తల్లీ!"

కిటికీ మూసుకుంది.

పక్కింటావిడ తలుపే తియ్యలేదు. పాలతను దూరం నుంచే దండం పెట్టి, సైకిలెక్కాడు.

మామూలు రోజుల్లో తలనొప్పొస్తే ఆమె గదికే పరిగెత్తుకొచ్చేవాళ్ళు వీళ్ళంతా. ఇప్పుడు ఆమె మెట్లు దిగితే వీధి వీధంతా మొహం చాటేస్తోంది.

ఈ పరీక్ష పోతే ఏడాది పోయినట్టే. రెండ్రోజులుగా అన్నం సయించడం లేదు.

"ఏంటి తల్లీ, ఎవరి చెయ్యో కావాలంటున్నావట?"

కింద ఇస్త్రీ దుకాణం ముసలాయన. బేరాల్లేక, దుకాణం ముందు కుర్చీ వేసుకుని ఖాళీ వీధికి కాపలా కాస్తున్నాడు. ఏడాదిగా ఆయనతో ఆమె అన్నది ఒకటే మాట, "నా కోటు అయిందా?" అని.

"మీరిస్తారా తాతా?"

"ఖాళీగానే ఉందిగా!"

ముందుగా ఒకసారి సాధన చేద్దామని మెట్ల కింద బల్ల వేశారు. ఆమె చెప్పకముందే ఆయన చేతులు కడుక్కుని, మాస్కు సర్దుకుని, చొక్కా మడిచి, మణికట్టు పైకి తిప్పి పెట్టాడు. ముంజేతి మీద త్రికోణంలా కాలిన మచ్చ ఉంది.

"వేళ్ళు మంచుముక్కల్లా ఉన్నాయి. ముందు రుద్దుకో."

రుద్దుకుంది.

"బొటనవేలు తీసెయ్. నీ నాడే నీకు తగులుతుంది."

"మీకెలా తెలుసు?" విసుగ్గా అడిగింది.

"ఆసుపత్రులు తిరిగినవాణ్ణిలే."

ఈయనొకడు దొరికాడు పాఠాలు చెప్పడానికి, అనుకుంది. నాడి మధ్యలో ఒక దెబ్బ తప్పినట్టు తోచింది. తన వేలే జారిందనుకుంది.

మర్నాడు పదింటికి ఫోనుని నీళ్ళ సీసాకి ఆనించింది. తెర మీద మేడమ్‌కి కనిపించేది రెండు చేతులే.

"మొదలుపెట్టు."

కంగారులో పదిహేను సెకన్లే లెక్కపెట్టి, నాలుగుతో హెచ్చవేసి, వేళ్ళు తీసేసింది.

"డెబ్భై రెండు మేడమ్. సక్రమంగా ఉంది."

"ఖాయమేనా?"

పుస్తకంలో ఉన్న అంకె అదే కదా!

ముసలాయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. మణికట్టు అలాగే పైకి తిప్పి ఉంచాడు.

ఆమె మళ్ళీ వేళ్ళు ఆనించింది. ఈసారి నిమిషమంతా పట్టుకుంది.

"అరవై ఒకటి. మధ్యమధ్య దెబ్బ తప్పుతోంది మేడమ్."

మేడమ్ తెరకి దగ్గరగా వంగి ఆ చేతినే చూసింది. ఫెయిలయ్యాననుకుంది.

"చాలు. తర్వాతి అమ్మాయి రావాలి," అంది మేడమ్.

"పాసైనట్టేనా తల్లీ?"

"తెలియగానే వచ్చి చెప్తాను తాతా!"

మూడోరోజు ఫలితం వచ్చింది. పాసయింది. అమ్మకు చెప్పింది, స్నేహితురాళ్ళందరికీ చెప్పింది. తాతకి సాయంత్రం చెబుదామనుకుంది. సాయంత్రం రేపైంది. రేపు ఎల్లుండైంది.

వారం తర్వాత మేడమే ఫోన్ చేసింది.

"ఆ రోజు చెయ్యిచ్చినాయన ఎవరు? ముంజేతి మీద మచ్చ ఉంది..."

"మా కింద ఇస్త్రీ తాత మేడమ్."

"మందులు వేసుకుంటున్నారా? అడిగావా?"

తప్పిన దెబ్బల సంగతి తను మార్కుల కోసం చెప్పింది. ఎందుకు తప్పుతున్నాయని ఆయన్ని అడగనే లేదు.

ఫోను పట్టుకునే మెట్లు దిగింది. దుకాణం షట్టర్ దించి ఉంది. కుర్చీ గోడకి తిరగేసి ఉంది.

కిటికీ సందులోంచి ఇంటావిడ చెప్పింది.

"మొన్న పొద్దున్నే ఆ కుర్చీలోనే పోయాడమ్మా, నువ్వు లేవకముందే తీసుకెళ్ళిపోయారు. గుండెట. ముందురోజు కూడా నన్నడిగాడు, పిల్ల పాసైందా అని."

అమ్మాయి మెట్ల మీద కూలబడి, ఏడుస్తూనే ఆ మాట ఫోనులో చెప్పింది.

అవతల మేడమ్ అంది.

"ఇరవై ఏళ్ళు మన కాలేజీ పరీక్షలకి రోగిగా వచ్చి కూర్చున్నది ఆయనేనమ్మా, నా పరీక్షలో నేనూ డెబ్భై రెండనే చెప్పాను, అప్పుడూ ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు."