ఇంట్లో పిల్లలెంతమంది?

"ఇంట్లో పిల్లలెంతమందమ్మా?"

వాకిట్లోకి వచ్చిన మనిషి అడిగిన మొదటి మాట అదే. లోపల గిన్నెలు కడుగుతున్న కోమలి చేతిలోని గిన్నె వదిలేసింది.

ఆ పొద్దున్నే ఊళ్ళో అందరి ఫోన్లలోకీ ఎవరిదో గొంతుతో ఒక మెసేజీ వచ్చింది. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు చంద్రగిరి చుట్టుపక్కల తిరుగుతున్నారట. జనాభా లెక్కలనీ, బడి లెక్కలనీ చెప్పుకుని ఇల్లిల్లూ వస్తారట.

కోమలి తడి చేతులు తుడుచుకోనైనా లేదు. ఆడుకుంటున్న లోహితను చంకనేసుకుని లోపలి గదిలో బియ్యం మూటల వెనక కూలబడింది. పిల్ల నోటి మీద చెయ్యి పెట్టింది.

లోహితకు ఐదేళ్ళు. బడి తెరిస్తే ఒకటో తరగతి.

వాకిట్లో ఉన్నది అత్త భారతమ్మ. ఆరుగురిని కన్న మనిషి. ఆమె కాలంలో పిల్లలు ఏ ఇంట్లో తిన్నారో, ఏ అరుగు మీద పడుకున్నారో అడిగినవాళ్ళు లేరు. ఇప్పుడు ఇంటికి ఒక్కరు. కొన్ని ఇళ్ళల్లో ఆ ఒక్కరూ లేరు. ఊళ్ళో పింఛను తీసుకునేవాళ్ళు ఎక్కువ, పలక పట్టేవాళ్ళు తక్కువ. పిల్లలు తగ్గారు గానీ భయం తగ్గలేదు. ఆరుగురికి పంచాల్సిన భయమంతా ఒక్క పిల్ల మీదే పడింది.

"బిడ్డల్ని లెక్క అడగతారా ఎవురన్నా? దిష్టి గాదా?" అంది భారతమ్మ. "ఈడ బిడ్డలు లేరు. నేనూ, నా కోడలే."

"ఒక్కరు గూడా లేరా పెద్దమ్మా? ఐదేండ్ల బిడ్డ ఒకరున్నా సాలు."

మూటల వెనక నుంచే తలుపు సందులోంచి చూస్తున్న కోమలి పిల్లను ఇంకా దగ్గరికి లాక్కుంది.

అతను పోలేదు. గడప పక్కనున్న చిన్న చెప్పుల జత వైపు చూశాడు. వంగి ఒకటి చేతిలోకి తీసుకున్నాడు.

"ఇయ్యి ఎవురివి?"

భారతమ్మ గడపకు అడ్డం వచ్చి నిలబడింది.

"సుట్టాలొచ్చి పోయినారు. మరిసిపోయినట్టుండారు."

అతను ఆ చెప్పును చాలాసేపు పట్టుకున్నాడు. దుమ్ము తుడిచి, మళ్ళీ జతలో పెట్టాడు. పిల్ల ఎంతుంటుందో అంచనా వేసుకుంటున్నాడనుకుంది కోమలి.

"భయపడబాకండమ్మా. నేను బడి కోసరం..."

ఫోన్లో వచ్చిన మాట! భారతమ్మ కేక పెట్టింది.

"ఒరే ఢిల్లీబాబూ! వచ్చినాడ్రా! ఈడే ఉండాడు!"

పక్కింటి ఢిల్లీబాబు కర్రతో వచ్చాడు. వెనక ఇంకో నలుగురు.

"ఎవురప్పా నువ్వు? నిన్నెవురు పంపిచ్చినారు?"

"ఎవురూ పంపీలేదన్నా. నేనే వచ్చినాను."

అంతే. ఒకడు కాలరు పట్టుకున్నాడు. కర్ర భుజం మీద పడింది. అతను ఎదురు తిరగలేదు. చేతులు జోడించి ఏదో చెప్పబోయాడు, ఎవరూ వినలేదు. వీధిలో ఆపిన తన బండిని తోసుకుంటూ ఊరు దాటాడు.

అతను అంతకుముందే ఊరంతా తిరిగాడట. ప్రతి ఇల్లూ పిల్లల్లేరనే చెప్పిందట. ఆ సాయంత్రం కోమలి ఉప్పూ మిరపకాయలూ తిప్పి లోహితకు దిష్టి తీసింది.

ఎండలు పోయాయి. బడి తెరిచే రోజు చూస్తే ఊరి బడికి తాళం ఉంది. పిల్లలు లేని ఊరికి బడెందుకని ఎత్తేశారట. ఇక రోడ్డు అవతలి బడే గతి.

అది తిరుపతి నుంచి చిత్తూరు పోయే పెద్ద రోడ్డు. లారీలు, కాణిపాకం పోయే కార్లు, ఒకటి ఆగితే ఇంకొకటి ఆగదు. కోమలి రెండుసార్లు అడుగు వేసి వెనక్కి లాక్కుంది. లోహిత చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది.

"అమ్మా, చెయ్యి నొస్తాండాది," అంది లోహిత.

ఎలాగో దాటారు. రోజూ దాటాలి. ఆ మాట తలచుకుంటేనే ఏడుపొచ్చింది కోమలికి.

బడి వాకిట్లో చేరిన ఊరి పిల్లల్ని చూసి టీచరమ్మ తెల్లబోయింది.

"ఇంతమంది ఉండారా మీ ఊళ్ళో? మరి బడి ఎట్ల ఎత్తేసినారమ్మా? మునిశేఖర్ అని ఒకాయన, ఎండల్లో ఊరూరా తిరిగి, పిల్లలుండారని ఆఫీసోళ్ళకి సూపించి రెండు బళ్ళు నిలబెట్టినాడు. మీ ఊరికీ వచ్చినాడంట గదా?"

కోమలి లోహిత కాళ్ళకున్న చెప్పుల వైపు చూసింది.

"ఆయన... ఆఫీసాయనా మేడమ్?"

"కాదమ్మా. మన మాదిరి మనిషే."

"మరి ఆయనకెందుకు ఇంత పాటు?"

టీచరమ్మ లోహిత తల మీద చెయ్యి వేసి, రోడ్డు వైపు చూసింది.

"పోయినేడు వాళ్ళూరి బడి ఎత్తేస్తే, ఒకటో తరగతికని ఇదే రోడ్డు దాటతా లారీ కింద పడిపోయిన బిడ్డ, ఆయన ఒక్కగానొక్క కూతురు."