నిండు గిన్నె

కరాసూ ఏరు పొంగి వంతెనను ఎత్తుకుపోయిన వరదకు అది మూడో ఏడు.

గోధుమ కోత అయిపోయింది. కళ్లంలో కుప్ప ఉంది. మబ్బు పడుతోంది.

వరద తర్వాత మొదటిసారి కపార్ తన తండ్రి నీలం ట్రాక్టరును బయటికి తీశాడు.

ఇంజను పలికింది. మీటరు ముల్లు మాత్రం లేవలేదు.

ఇంజను వేగం తెలియకుండా నూర్పిడి మిషను తిప్పితే గింజ నలిగిపోతుంది.

గోడ మీదుగా పక్కింటి తుర్దు తొంగి చూశాడు.

"ముల్లు చచ్చిందా? ఉన్నా లాభమేముందిలే. మీ నాన్న ఆ రోజు ముల్లు చూశాడా, సీసా చూశాడు గానీ."

కపార్ మీటరు మీదికి వంగాడు. తాగి ట్రాక్టరును ఏట్లోకి దింపాడని ఊరంతా అనే మాటే. ఎందుకు దింపాడో చెప్పడానికి తండ్రి ఓస్మొనాలి తిరిగి రాలేదు. ట్రాక్టరు ఒక్కటే దొరికింది, ఏటి నడుమ ఒంటి తెరెక్ చెట్టు పక్కన.

అదొక్కటి తెలిస్తే చాలు కపార్‌కు. ఎందుకు దింపాడో.

తల తిప్పేసరికి వాకిట్లో ఎవరో ముసలాయన. బట్టల నిండా కొండ కనుమ దుమ్ము.

"ఈ నీలం బండి కోసం ఊరూరా అడుగుతూ వచ్చాను బాబూ."

"అమ్మేది లేదు పెద్దాయనా. పాత ఇనుముకైతే అసలే ఇవ్వను."

ముసలాయన చొక్కా చెయ్యి మీదుగా మణికట్టు రుద్దుకున్నాడు. అక్కడే నిలబడ్డాడు.

కపార్ మీటరు వెనక మర చేత్తోనే విప్పి, కేబులు కొస ఊడదీశాడు. మీటరు రంధ్రంలో పుల్ల పెట్టి తిప్పితే ముల్లు కదిలింది. ఇంజను వైపు కొస కూడా ఊడదీసి చూశాడు. అక్కడి ఇరుసూ బాగానే తిరుగుతోంది.

"అయితే తీగ తెగింది," అని కేబులు తొడుగు మొత్తం ఊడదీసి దులిపాడు. ఏమీ రాలలేదు. నోట పెట్టి ఊదితే గాలి అటు వెళ్లిపోయింది.

"లోపల తీగే లేదు. ఎవడో దొంగవెధవ లాక్కుపోయాడు."

"దొంగ కాదు," అన్నాడు ముసలాయన.

"నీకేం తెలుసు?"

"మీ నాన్న ఆ రోజు..."

మీ నాన్న అని మొదలయ్యే మాట ఏదైనా సీసా దగ్గరే ఆగుతుంది.

"టీ తాగి పోదువు గాని, రా," అన్నాడు కపార్.

ఆ ఊళ్లో అతిథికి సగం గిన్నే పోస్తారు, మళ్లీ మళ్లీ పోయాలని. నిండా పోస్తే, తాగి లేవమని.

కపార్ తల్లి చేతిలోంచి కూజా తీసుకుని అంచు దాకా పోశాడు.

"అదేంట్రా," అంది తల్లి మెల్లగా.

ముసలాయన కాసేపు గిన్నెకేసి చూశాడు. రెండు చేతులా ఎత్తి చుక్క మిగల్చకుండా తాగాడు. చొక్కా చెయ్యి జారింది. మణికట్టు చుట్టూ కడియంలా నల్లటి మచ్చ.

"చల్లగా ఉండండి," అని గిన్నె బోర్లించి, అరచేతులతో మొహం తడుముకుని లేచాడు.

కపార్ సాగనంపడానికి కూడా లేవలేదు.

మర్నాడు పొద్దున ట్రాక్టరు స్టీరింగుకు గుడ్డ మూట వేలాడుతోంది.

విప్పాడు. తుప్పు పట్టిన మీటరు తీగ, రెండు ముక్కలు. ఒకటి మణికట్టంత గుండ్రంగా వంగి ఉంది. రెండోదాని మెలికలో తెరెక్ బెరడు ఇరుక్కుని ఉంది. ఎడమచేతి మెలిక. ఓస్మొనాలి గొర్రెపిల్లలను కట్టేది అలాగే.

కపార్ గుర్రమెక్కి కనుమ దాకా వెళ్లాడు. దారి ఖాళీగా ఉంది.

తిరిగొచ్చి ముక్కలు తల్లి ఒళ్లో పెట్టాడు. సగం గిన్నె టీ పోసి, నిన్న ముసలాయన కూర్చున్న చోట ఉంచాడు.

వరదలో నాన్న చెట్టుకు కట్టి బతికించిన చెయ్యే, నిన్న తను పోసిన నిండు గిన్నెను ఖాళీ చేసి అక్కడ బోర్లించి వెళ్లింది.