కుందేలు బదులు సంతకెళ్లిన గోరింక

కాలు విరిగిన కుందేలు అడవి అవతలి సంతకు వెళ్లలేకపోయింది. తన బదులు బేరమాడడం గోరింకకు వానాకాలమంతా నేర్పి, పరీక్షించి చూసింది. పిల్లలకు దగ్గు ఎక్కువైన రోజున వేరుశనగలిచ్చి, "తేనె తీసుకురా" అని పంపింది.

గోరింక అడ్డసరం ఆకులతో తిరిగొచ్చింది.

"తేనె ఏదే?" కుందేలు కంగారుపడింది.

"ఎలుగుబంటి దగ్గర అయిపోయిందక్కా. నక్క తేనె అని చూపించింది గానీ, రుచి చూస్తే బెల్లం పాకం. నీకు కావలసింది పిల్లల దగ్గు తగ్గడమే కదా, అందుకని ఇవి తెచ్చాను."

ఆకుల రసం తాగి పిల్లలు హాయిగా నిద్రపోయాయి.

"ఇంత నేను నేర్పలేదే!" అని కుందేలు మురిసిపోయింది.

మరుసటి సంత రోజున వేరుశనగలు గోరింక ముందు పెట్టి, "ఇంట్లో ఏం లేవో నువ్వే చూసుకుని వెళ్లు" అంది.