నేత ముడి

తాళం తిప్పితే జీపు పలకలేదు. దగ్గలేదు, మూలగలేదు. లైట్లు మాత్రం నిండుగా వెలిగాయి.

"బ్యాటరీ భేషుగ్గా ఉంది," అన్నాడు అంకమ్మరావు. "హనుమాన్ జంక్షన్ నుంచి మా ఆటోనగరు దాకా ట్రాక్టరు కట్టి లాక్కొచ్చారే, దారిలో మెకానిక్కులంతా చచ్చిపోయారా అమ్మా?"

ఎలిజబెత్ నవ్వలేదు. "బండి మా తమ్ముడిదండీ. మీ దగ్గరికే తీసుకెళ్లమని మా ఆయన చెప్పారు."

"ఆయన రాలేదే?"

"జైల్లో ఉన్నారండీ. ఐదు నెలలైంది. రేపు వాయిదా. ఈ పని ఇవాళ కాకపోతే ఆయన బయటికి రారు."

అంకమ్మరావు చేతిలో స్పానరు ఆగింది. జైలన్న మాట విన్నాక ఏ కేసని ఆరా తీయడం మర్యాద కాదు. "బండి కోర్టులో చూపించాలా?" అని మాత్రం అడిగాడు.

"చూపించాలండీ."

అతడు జీపు కిందికి దూరాడు. పాత ఆటోమేటిక్ బండి. పొలాల బురద, కాలవగట్ల బురద, ఎన్ని వానలదో, అడుగంతా గడ్డకట్టి ఉంది. స్టార్టరుకు నేరుగా కరెంటు ఇచ్చి చూశాడు. గిర్రున తిరిగింది. లోపం దానిది కాదు. గేరుబాక్సు పక్కనున్న చిన్న స్విచ్చు నీళ్లు తాగి పాడైపోయింది. గేరు లివరు పార్కింగులోనో న్యూట్రల్లోనో ఉంటే తప్ప బండిని స్టార్టు కానివ్వని స్విచ్చు అది.

"కొత్తది చెన్నై నుంచి రావాలమ్మా. పది రోజులు పడుద్ది."

"స్విచ్చు లేకుండా డైరెక్టు పెడతారట కదండీ."

అతడు గబుక్కున బయటికొచ్చాడు.

"ఎవరన్నారు? డైరెక్టు నేను పెట్టను. ఇంతవరకు ఏ బండికీ పెట్టలేదు. గేరులో ఉన్నా స్టార్టయిపోద్ది. తాళం తిప్పగానే ముందుకు దూకుద్ది. ఎదర మనిషుంటే మనిషే."

"తెలుసండీ. అయినా పెట్టండి. మీ కాళ్లు పట్టుకుంటాను అన్నయ్యా."

ఆమె నిజంగానే వంగింది. చీర కొంగు ఆయిలు మరకల్లో పడింది. అంకమ్మరావు రెండడుగులు వెనక్కి వేశాడు. అతనికీ ఒక చెల్లెలుంది.

"లే తల్లీ, లే. ఇవాల్టికి పెడతాను. కోర్టు పనయ్యాక తెచ్చెయ్, పీకేసి కొత్త స్విచ్చు వేస్తాను. నేను పెట్టానని మాత్రం ఎక్కడా అనకు."

"నేను అననండీ."

స్విచ్చుకు వెళ్లే రెండు తీగలను కత్తిరించి బానెట్ కిందికి లాగాడు. చివర్లను బ్లేడుతో ఒలిచాడు. ఒకదాని కిందుగా ఒకటి దూర్చి, మడిచి, బిగించాడు. బియ్యపుగింజంత ముడి పడింది.

"అందరూ మెలితిప్పి టేపు చుడతారు. ఇది చూడు. మా నాన్న పెడనలో మగ్గం నేసేవాడు. తెగిన పోగుకి వేసే ముడి ఇది. టేపు ఊడినా ముడి ఊడదు."

"ఇక్కడ ఇంకెవరైనా ఈ ముడి వేస్తారాండీ?"

"ఆటోనగరంతా గాలించు. ఒక్కడుంటే నాకు చూపించు." అంకమ్మరావు మొదటిసారి నవ్వాడు.

"ఫోటో తీసుకోనా? మా ఆయనకి చూపిస్తాను."

ముడి పక్కన వేళ్లు ఆనించి, మొహం ఫోను వైపు తిప్పి, అతడు బుద్ధిగా నిలబడ్డాడు. ఆ తరువాతే టేపు చుట్టాడు.

లివరును పార్కింగులోకి నెట్టి, బ్రేకు మీద కాలు గట్టిగా ఆనించి, ఆమె తాళం తిప్పింది. జీపు ఒక్క ఉదుటున మేలుకుంది.

కూలి ఎంతని అడిగితే అంకమ్మరావు చేతులు తుడుచుకుంటూ తల అడ్డంగా ఊపాడు.

"ముందు మీ ఆయన్ని ఇంటికి రానీ తల్లీ."

పటమట దాటాక ఎలిజబెత్ జీపును రోడ్డు పక్కన ఆపి, ఫోనులో ఆ ఫోటోను వేలితో పక్కకు జరిపి, అంతకుముందే తీసిన ఇంకో ఫోటో తెరిచింది: పోలీస్ స్టేషను ఆవరణలో తుప్పుపడుతున్న తమ సొంత జీపు బానెట్ కింద, ఆమె భర్త తన అన్నను గుద్ది చంపడానికే సొంత చేత్తో పెట్టుకున్నాడని పోలీసులు రాసిన డైరెక్టు వైరు నడుమ, బియ్యపుగింజంత అదే ముడి.