ఏలియా ఇచ్చిన బూట్లు

“ఇచ్చే మనసియ్యి ప్రభువా! రెండు జతలున్నోడు ఒకటి లేనోనికి ఇచ్చేటట్టు చెయ్యి!”

ఏలియా ఇరవై నిమిషాలు కళ్లు తెరవకుండా ప్రార్థించాడు. ఇంగ్లండులోని లెస్టర్‌లో ఆ శనివారం వాళ్లింట్లో గృహప్రార్థన. పాస్టరు గారితో కలిపి నలుగురు వచ్చారు. ఆమెన్ చెప్పి తలుపు తీస్తే బయట విడిచిన బూట్లు ఒక్కటీ లేవు.

“అత్తమ్మా, బూట్లేవి?”

తొర్రూరు నుంచి కూతురింటికి వచ్చిన దీనమ్మ నిమ్మళంగా చెప్పింది. “వానకు నానకుండ సంచిల పెట్టి, మూతి కట్టి, గడప బయటనే ఉంచిన. పొద్దున ఎవరో తలుపు సందుకెల్లి కొత్త సంచి ఏసి పోయిండ్రు గదా.”

ఏలియా భార్య కరుణ తల పట్టుకుంది. “అమ్మా, గది పాత బట్టలు, చెప్పులు పేదోళ్లకు దానమిచ్చే సంచి! బయట పెడితే బండోళ్లు వచ్చి తీస్కపోతరు!”

తలుపు సందులో కార్డు కనిపించింది: ‘మీ దానానికి కృతజ్ఞతలు.’

నలుగురూ సాక్సులతో వానను చూస్తూ నిలబడ్డారు. పాస్టరు గారి బొటనవేలు సాక్సులోంచి తొంగిచూస్తోంది.

“పరేషాన్ గాకుండ్రి, టాక్సీ పిలుస్త,” అన్నాడు ఏలియా.

దీనమ్మ మెట్ల కింద అర తెరిచింది. డబ్బాల్లో ఏలియా బూట్లు, అయిదు జతలు, తళతళలాడుతున్నాయి.

“అవి నావి! ఎవ్వరికీ పట్టయి, అత్తమ్మా!”

“పాస్టరయ్యా, జర కాలు పెట్టి చూడుండ్రి.”

పాస్టరు గారికి అచ్చంగా సరిపోయాయి. మిగతావాళ్లకు కొంచెం వదులు, కొంచెం బిగువు. అయినా అందరూ దీవించి, తొడుక్కుని వెళ్లిపోయారు.

మిగిలిన ఒక్క జతనూ ఏలియా గుండెకు హత్తుకున్నాడు.

“ఏందల్లుడా,” అంది దీనమ్మ, “దేవుడు గింత జల్ది ఇంటడనుకోలేదా?”