వైవాకు రాకూడని మనిషి

"రేపు మీరు వైవాకి రాకూడదు సార్," అంది పరిశోధకురాలు గుమ్మంలోనే నిలబడి. భుజం మీది సంచి కూడా దించలేదు.

నవలాకారుడు ఇస్త్రీపెట్టెను నిలబెట్టి పక్కన పెట్టాడు. బల్లమీద ఆయన కోటు ఒక చెయ్యి నునుపుగా, ఒక చెయ్యి ముడతలుగా పడి ఉంది. తన నవలల మీద ఎవరో డాక్టరేటు చేశారనీ, రేపే బహిరంగ వైవా అనీ ఆయన పొద్దున పేపర్లో చూశాడు. ఆనందం పట్టలేక వెంటనే యూనివర్సిటీకి ఫోన్ చేశాడు. ఎత్తింది ఈ అమ్మాయే. పేరు చెప్పి, "నేనూ వస్తున్నాను" అనగానే అవతల ఫోన్ కిందపడిన చప్పుడైంది. భక్తి అనుకున్నాడు.

"లోపలికి వచ్చి కూర్చోమ్మా. ఎందుకు రాకూడదు?"

"హాలు చిన్నది సార్."

"ఎంతమంది పడతారు?"

"రెండొందలు."

"వచ్చేది ఎంతమంది?"

"తొమ్మిది మంది సార్. మా అమ్మతో కలిపి."

"అయితే నేను పదోవాణ్ణి," అన్నాడాయన. లెక్కల్లో ఆయనకు తిరుగులేదు. ముప్పై ఏళ్లు ప్రయోగశాలలో ఏ లోహం ఎంత బరువుకి విరుగుతుందో కొలుస్తూ, మిగిలిన వేళల్లో వైజ్ఞానిక నవలలు రాసిన మనిషి. సైంటిస్టులు ఆయన్ని గొప్ప రచయిత అనేవారు. రచయితలు గొప్ప సైంటిస్టు అనేవారు. ఎటు చూసినా గొప్పవాణ్ణే కదా అని ఆయన సంతోషించేవాడు.

ఆయన భార్య టీ తెచ్చి పరిశోధకురాలి చేతికిచ్చింది. "ఆ పిల్ల ఏదో చెప్పలేక అవస్థ పడుతోంది. కాస్త మాట్లాడనివ్వండి."

"నాకు తెలుసు. నా రాకెట్టు నవల్లో లెక్కలకే నాలుగు పేజీలు పోయాయని ఉతికి ఆరేసుంటుంది. ఉతకనీ. నేను విమర్శకి భయపడే రకం కాదు."

"ఎవరైనా విమర్శిస్తే కదా, భయమో కాదో తేలేది," అంది ఆవిడ.

"తిట్టలేదు సార్, ఆకాశానికెత్తేశాను," అంది పరిశోధకురాలు. "చిక్కు అక్కడ కాదు." సంచిలోంచి లావుపాటి గ్రంథం తీసి మొదటి పేజీ తిప్పి ఆయన ముందు పెట్టింది.

పేజీ నిండా ఆయన ఫొటో. కింద పుట్టిన సంవత్సరం. పక్కన గీత. గీత పక్కన ఇంకో సంవత్సరం. ఆయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. ఆ రెండో సంవత్సరం అక్కడే ఉంది.

"ఇదేంటమ్మా?"

"మా యూనివర్సిటీలో బతికున్న రచయితల మీద డాక్టరేటు చెయ్యకూడదు సార్. మొహమాటాలు అడ్డొస్తాయని రూలు పెట్టారు."

"అందుకని చంపేశావా?"

"నేను కాదు సార్. మీ ల్యాబ్ పత్రికలోనే ఉంది. ఎనిమిదేళ్ల కిందటి సంచికలో. 'మన మిత్రుడు శాశ్వత విశ్రాంతి తీసుకున్నారు' అని."

"రిటైరయ్యానమ్మా."

"మీ ఫోన్ వచ్చాక తెలిసింది సార్."

"ఆ ల్యాబ్ డైరెక్టరే రాసుంటాడు. ఆయన రాత అంతంతమాత్రం," అంది ఆవిడ. కాసేపు ఆలోచించి, "అయినా ఎనిమిదేళ్లలో ఒక్కరూ పరామర్శకి రాలేదేమండీ?" అని అడిగింది.

ఆయన ఆ ప్రశ్న వినబడనట్టు పేజీలు తిప్పాడు. ప్రతి అధ్యాయంలోనూ తనే. 'దార్శనికుడు' అని ఒకచోట, 'కాలం కంటే ముందు నడిచినవాడు' అని ఇంకోచోట. కాలం కంటే మరీ ముందే పోయినట్టు మొదటి పేజీలో.

"సోమవారం కాలేజీలో ఉద్యోగంలో చేరాలి సార్. ఈ డాక్టరేటు చేతికొస్తేనే ఆ ఉద్యోగం," అంది పరిశోధకురాలు. "మీరు హాల్లో అడుగుపెడితే నాలుగేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరే."

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. ఒక హాల్లో నలుగురు కూర్చుని తన పుస్తకాల గురించి గంటసేపు మాట్లాడితే వినాలని ముప్పై ఏళ్లుగా ఆయన కోరిక. రేపు నిజంగానే మాట్లాడబోతున్నారు. తను లేకపోవడం ఒక్కటే షరతు. వీధిలో వెళ్లే స్కూటర్లను కొంతసేపు లెక్కపెట్టాడు. తిరిగొచ్చి ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకేశాడు.

"సరే. రానులే. వెళ్లి హాయిగా చదువుకో."

ఆ పిల్ల దణ్ణం పెట్టి గుమ్మం దాటబోయింది. అప్పుడు ఆయనలోని సైంటిస్టు ఉలిక్కిపడ్డాడు.

"ఆగమ్మా, ఆగు. నీ గ్రంథంలో ఇంకో పెద్ద పగులుంది. నేను ఆ ఏడాదే పోయుంటే, ఆ తర్వాత నావి మూడు నవలలు ఎలా అచ్చయ్యాయి? చచ్చినవాడు ఎలా రాశాడని పరీక్షకులు నిలదీస్తారు. అక్కడ దొరికిపోతావు. ఏదో ఒక సమాధానం తయారుగా పెట్టుకోవాలి. కూర్చో, చెబుతాను, రాసుకో." ఆయన కుర్చీ లాగి, కలం మూత తీసి మరీ ఆమె చేతిలో పెట్టాడు. తన చావు సంగతి మర్చిపోయి ఆ పిల్ల డాక్టరేటు కోసం నిజంగానే కంగారుపడుతున్నాడు.

ఆమె ఆయనవైపు జాలిగా చూసి, కలానికి మూత పెట్టి తిరిగిచ్చేసింది.

"మీరేం దిగులుపడకండి సార్. నాలుగేళ్లు మీ మీదే పరిశోధన చేసిన నాకే ఆ మూడు నవలల సంగతి తెలియలేదు, ఇంక వాళ్లకెలా తెలుస్తుంది?"